రెండు కవర్లలో ఒకే నెగెటివ్

“ఆంటీ, పేర్లన్నీ ఉన్నయి. వీడియో ఒక్కటి కూడా తెరుచుకుంటలేదు. ఇవి దొరక్కపోతే పిల్లకు ఆ మందు మళ్ళ మొదలుపెడ్తరేమో.”

స్టూడియో మెట్లెక్కి, నమస్కారం కూడా పెట్టకుండా నేను అన్న మొదటి మాట ఇది. చంకలో మా పాప ఉజ్వల, చేతిలో హార్డ్ డిస్క్. కౌంటర్ వెనక కూర్చున్న వసుమతి గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి ముందు పాపను చూశారు, తర్వాత నన్ను చూశారు, తర్వాత ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు.

“ముందు కూసో. పిల్లను దించు. ఏం మందు, ఏం వీడియోలు, జర నిమ్మళంగ చెప్పు.”

చెప్పాను. ఉజ్వలకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఉన్నట్టుండి తల ముందుకు వాలిపోయేది. రెండు చేతులూ ఎవరో లాగినట్టు పైకి లేచేవి. క్షణంలో మామూలయ్యేది, మళ్ళీ వచ్చేది, మళ్ళీ వచ్చేది. నేనూ మా ఆయన శ్రావణ్ ఫోన్లో వీడియో తీశాం. అవి చూసే అప్పటి డాక్టరు ఫిట్స్ అని తేల్చి మందు రాశారు. మందు పనిచేసింది, కానీ అది వాడినన్ని రోజులూ పాప ముఖం ఉబ్బిపోయి, ఏ చిన్న శబ్దానికైనా ఏడుస్తూ ఉండేది. తర్వాత మందు ఆపారు. ఇప్పుడు పాపకు మూడేళ్ళు. కొన్నాళ్ళుగా నిద్రలో ఉలిక్కిపడుతోంది, చేతులు అలాగే లేస్తున్నాయి. పాత డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోయారు. కొత్త డాక్టరమ్మ ఇప్పటి వీడియోలు చూసి, అప్పటివి కూడా తెస్తే పక్కపక్కన పెట్టి చూస్తానని, రెండూ ఒకటే అయితే మందు మళ్ళీ మొదలుపెట్టక తప్పదని చెప్పారు. గురువారం రమ్మన్నారు. నేను స్టూడియోకు పరిగెత్తింది మంగళవారం.

వీడియోలు తీసిన ఫోను ఇప్పుడు మా దగ్గర లేదు. కొత్తది కొన్నప్పుడు ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేశాం. ధైర్యంగా ఇచ్చేశాం, ఎందుకంటే అందులో ఉన్నవన్నీ ఈ డిస్క్‌లో ఉన్నాయి కదా అనుకున్నాం. ఉజ్వల మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాల్లో తెర మీద వేయడానికి ఫోటోలూ వీడియోలూ కలిపి ఒక చిన్న సినిమాలా చేయించాం. అది చేసింది వసుమతి గారే. ఫోనులో ఉన్నదంతా ఆమె కంప్యూటర్‌లోకి తీసుకుని, విడదీసి, సర్ది, చివరికి మొత్తం ఒక ఫోల్డర్‌గా మాకు ఈ డిస్క్‌లో ఇచ్చారు. ఇంతకాలం దాన్ని బీరువాలో పెట్టుకుని నిశ్చింతగా ఉన్నాం.

ఆమె డిస్క్‌ను తన కంప్యూటర్‌కు తగిలించి చూశారు. ఫోల్డర్ తెరిచారు, మూశారు, ఏదో ఒక వరస టైప్ చేశారు. తెర మీద పేర్ల పక్కన బాణం గుర్తులు వరసగా వచ్చాయి.

“ఇవి వీడియోలు కావు బిడ్డా. బాణాలు. నేనే ఇచ్చిన.”

అంటే ఏమిటో ఆమె చెప్పిన పద్ధతిలోనే, కొంచెం నా మాటల్లో చెబుతాను. డిస్క్‌లో ఒక వీడియో ఎక్కడో ఒకచోట ఉంటుంది. కంప్యూటర్ దాన్ని ఒక నంబరుతో గుర్తు పెట్టుకుంటుంది. ఫోల్డర్‌లో మనకు కనిపించేది వీడియో కాదు, దాని పేరు, ఆ పేరుకు ఎదురుగా ఆ నంబరు. ఇది మామూలు ఏర్పాటు. ఇది కాక సింబాలిక్ లింక్ అని ఇంకొకటి ఉంది. అందులో నంబరు ఉండదు. “ఫలానా ఫోల్డర్‌లో ఫలానా పేరుతో ఉంది, అక్కడికి పోయి చూడు” అన్న దారి మాత్రం రాసి ఉంటుంది. వసుమతి గారు దాన్నే బాణం అంటారు. స్టూడియోలో ఫోటోలు ఏరేటప్పుడు, వరస పెట్టేటప్పుడు ఆమె బాణాలతోనే పని చేస్తారు. అసలువి కదపనక్కర్లేదు, పని తేలిక. కస్టమర్‌కు ఇచ్చేటప్పుడు బాణాలు చూపించే అసలు ఫైళ్ళను కాపీ చేయాలి. పుట్టినరోజు హడావిడిలో ఆమె బాణాలను బాణాలుగానే కాపీ చేసి ఇచ్చేశారు. అవి చూపించే ఫోల్డర్ మా ఇంట్లో లేదు, అబిడ్స్‌లోని ఈ స్టూడియోలో, ఆమె కంప్యూటర్‌లో ఉండాలి.

నాకు ఊపిరి వచ్చింది. “అయితే మీ దగ్గర ఉన్నట్టే కదా ఆంటీ” అన్నాను.

ఆమె వెతికారు. బాణాలు చూపిస్తున్న ఫోల్డర్ అక్కడ కూడా లేదు.

ఏడాది దాటిన కస్టమర్ల ముడిసరుకును, అంటే అసలు ఫోటోలనూ వీడియోలనూ, తీసేయడం ఆ స్టూడియో అలవాటు. తీసేసేది ఆమె భర్త కిషన్ గారు. పెళ్ళిళ్ళకు కెమెరా పట్టుకుని వెళ్ళేది కూడా ఆయనే. లోపలి గదిలో లైట్ల స్టాండ్లు తుడుస్తున్న ఆయన్ను పిలిచారు. ఆయన నా ముఖం చూసి సంగతి తెలుసుకుని నొచ్చుకున్నారు. ఆ ఏడాదివన్నీ తనే తీసేశానని ఒప్పుకున్నారు. వెళ్ళబోతూ ఆగి, “కానీ వసూ, గప్పుడు అనుకున్నంత జాగ రాలె. అంత తీసేస్తే గింతే ఖాళీ అయిందేంది అనుకున్న. డిస్క్ ఖరాబైందేమో అని ఊకున్న” అన్నారు.

వసుమతి గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. “రాలేదా? గీ ముచ్చట నాకు గిప్పుడు చెప్తవా?”

“నువ్వు అడిగితివా?”

“జాగ రాలేదంటే, తీసేసినవాటిల కొన్నిటికి ఇంకో తాన ఇంకా పేర్లు ఉన్నయన్నట్టు” అని ఆమె నా వైపు తిరిగారు. “అవి నీ పిల్లవో ఇంకెవరి పెండ్లివో చెప్పలేను. ఆశ పెట్టుకో, కానీ జర తక్కువ పెట్టుకో.”

ఎనిమిదో నెల ఏ నెలో, ఏ సంవత్సరమో నన్ను అడిగి, ఆ తేదీల్లో తీసినవి ఏ పేరుతో ఉన్నా, ఏ మూల ఉన్నా వెతకమని కంప్యూటర్‌కు చెప్పారు. పాత డిస్క్, లక్షల ఫోటోలు. అది గిర్రుగిర్రుమంటూ మొదలుపెట్టింది. చేసేదేమీ లేదు, కూర్చోవడమే. కిషన్ గారు చాయ్ తెచ్చారు. ఉజ్వల స్టూడియో గొడుగు లైటు కింద దూరి కూర్చుంది. నేను తెర వంక చూస్తూ గోళ్ళు కొరుక్కుంటుంటే ఆమె నా చేయి నోటి దగ్గర్నుంచి తీసేసి, తన ముచ్చట మొదలుపెట్టారు.

ఆమె పుట్టి పెరిగింది ఉస్మాన్‌గంజ్‌లో. తండ్రి వామన్‌రావు ఒక హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. మిర్చి బస్తాల ఘాటులో తుమ్ముకుంటూ బీకాం చదివానని ఆమె గొప్పగా చెప్పుకుంటారు. నిజానికి ప్రతిదీ గొప్పగానే చెప్పుకుంటారు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వెళ్ళే దారిలో ఒక సందులో, సూట్‌కేసుల దుకాణం మీద, ఇదే స్టూడియోలో ఉద్యోగానికి చేరారు. వచ్చినవాళ్ళకు కుర్చీ వేయడం, నెగెటివ్‌లను కవర్లలో పెట్టి భద్రం చేయడం పని. ఇక్కడే కెమెరామన్‌గా ఉన్న కిషన్ గారిని పెళ్ళి చేసుకున్నారు. “ఈయనను జూసి కాదు బిడ్డా, ఈయన నెగెటివ్‌లు జూసి చేస్కున్న” అంటే, ఆయన లోపలి నుంచే “ఔ, గందుకే నన్ను గూడ కవర్ల పెట్టింది” అన్నారు. పాత యజమాని వయసు మీద పడి మూసేద్దామనుకున్నప్పుడు స్టూడియోను వీళ్ళే తీసుకున్నారు.

నెగెటివ్‌లతో ఆమెకు ఒక తిప్పలు ఉండేది. మన పెళ్ళిళ్ళలో ఆల్బం ఒకటి కాదు. అమ్మాయి తరఫువాళ్ళది వేరు, అబ్బాయి తరఫువాళ్ళది వేరు. ఏళ్ళు గడిచాక కూడా ఇంకో కాపీ కావాలని ఇద్దరూ వస్తారు. నెగెటివ్ మాత్రం ఒక్కటే. అందుకని అమ్మాయివాళ్ళ కవర్‌లో నెగెటివ్ పెట్టి, అబ్బాయివాళ్ళ కవర్‌లో “ఫలానా కవర్ చూడు” అని చీటీ పెట్టేవారు. ఒకసారి ఒక జంట విడిపోయింది. అమ్మాయి అన్న కోపంగా వచ్చి, మావి మాకు ఇచ్చేయమని కవర్ మొత్తం పట్టుకుపోయాడు. కొన్నాళ్ళకు అబ్బాయి చెల్లెలు వచ్చింది. వాళ్ళ నాన్న పోయాడట. ఆయన నవ్వుతూ ఉన్న ఫోటో ఆ పెళ్ళిలో అక్షింతలు వేస్తున్నప్పటిదే, అది పెద్దది చేసి ఇమ్మంది. కవర్ తెరిస్తే చీటీ ఉంది. చీటీ చెప్పిన చోట ఖాళీ.

“ఆ పిల్లకు చీటీ చూపిచ్చి పంపిన” అన్నారు వసుమతి గారు.

ఫిల్ము పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆమెకు నలభై దాటాయి. సాయంత్రాలు అబిడ్స్‌లోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కుర్రపిల్లల మధ్య కూర్చుని నేర్చుకున్నారు. లినక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ గురించిన పాఠంలో ఒకరోజు మాస్టారు హార్డ్ లింక్ గురించి చెప్పారు. ఒక ఫైలుకు రెండో పేరు పెట్టవచ్చని, ఆ రెండో పేరు కూడా నేరుగా అదే నంబరును చూపిస్తుందని, అప్పుడు ఏది అసలు, ఏది నకలు అన్న తేడాయే ఉండదని, రెండూ సమానమేనని. ఒక పేరు తీసేస్తే ఆ పేరే పోతుంది, ఫైలు పోదు. ఎన్ని పేర్లు మిగిలాయో కంప్యూటర్ లెక్క పెట్టుకుంటుంది. ఆఖరి పేరు కూడా పోయాకే ఆ జాగా ఇంకొకరికి ఇస్తుంది. ఈమె లేచి, “అంటే సార్, ఒక్క నెగెటివ్ రెండు కవర్లల ఒక్కసారే కూసుంటదా?” అని అడిగారట. మాస్టారుకు నెగెటివ్‌ల గొడవ తెలియక కొంచెం తికమకపడి, కూర్చుంటుందనే చెప్పారట. ఆ సాయంత్రం ఆమె మొజంజాహీ మార్కెట్‌కు పోయి ఒక్కతే రెండు ఐస్‌క్రీములు తిని ఇంటికి వెళ్ళారు.

అప్పటి నుంచి ఆ స్టూడియోలో ప్రతి పెళ్ళి ఫోటోకూ రెండు పేర్లు, అమ్మాయి ఇంటి ఫోల్డర్‌లో ఒకటి, అబ్బాయి ఇంటి ఫోల్డర్‌లో ఒకటి. జాగా మాత్రం ఒకదానికే. ఎవరు అలిగినా, ఎవరు తమది తీసేయమన్నా రెండోవాళ్ళది చెక్కుచెదరదు. కానీ కొత్తలో దీని ఇంకో గుణం ఆమెకు తట్టలేదు. ఒక అబ్బాయి తల్లి తన కొడుకు ముఖం కొంచెం తెల్లగా చేయమంటే, కిషన్ గారు అబ్బాయి ఇంటి ఫోల్డర్‌లో ఉన్న ఫోటో తెరిచి దాన్నే తెల్లగా చేసి పెట్టారు. ఫైలు ఒకటే కదా, అమ్మాయివాళ్ళ ఆల్బంలో కూడా అల్లుడు తెల్లబడి వచ్చాడు. అమ్మాయి తల్లి ఆల్బం తిరగేసి, “గీయన ఎవలు? మాకు మా నల్ల అల్లుడే కావాలె” అని తిప్పి పంపింది. దాంతో దిద్దాల్సినవాటికి ముందు నిజంగా వేరే కాపీ చేయడం నేర్చుకున్నారు.

నేను నవ్వాను. మెట్లెక్కిన తర్వాత నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు సగంలో ఉండగా డిస్క్ చప్పుడు ఆగింది.

తెర మీద పెద్దగా ఏమీ లేవు. ఆ నెలలో ఎవరిదో ఒక పెళ్ళి, ఒక షాపు ప్రారంభం. వాటి కింద, నేను ఎన్నడూ వినని ఫోల్డర్ ఒకటి. దాని పేరు “వాడొద్దు, తీసెయ్యొద్దు.” లోపల వీడియోలు. పేర్ల పక్కన బాణాలు లేవు.

వసుమతి గారు ఒకదాన్ని తెరిచారు. మా పాత ఇంటి నీలం దుప్పటి, దాని మీద కూర్చున్న ఉజ్వల. తల వాలింది. చేతులు లేచాయి. వెనక నుంచి నా గొంతు, నేను గుర్తుపట్టలేనంత పీలగా: “శ్రావణ్, టైం చూడు, టైం చూడు.”

గొడుగు లైటు కింద నుంచి ఉజ్వల వచ్చి తెర చూసి, “చిన్నపాప ఎవరు?” అని అడిగింది. నువ్వేనని చెప్పాను. నమ్మలేదు.

అప్పుడు వసుమతి గారికి గుర్తొచ్చింది. పుట్టినరోజు సినిమాకు ఫోటోలు ఏరుతూ ఈ వీడియోలు చూశారట. ఫంక్షన్ హాల్లో బంధువుల ముందు పొరపాటున కూడా ఇవి తెర మీదికి రాకూడదని విడిగా పెట్టాలనుకున్నారు. వీడియోలో నా మాట విన్నాక దవాఖానా వ్యవహారమని అర్థమై, వీటికి బాణం కాదు, నిజమైన రెండో పేరు పెట్టారు. మాతో ఆ సంగతి ఎత్తడానికి నోరు రాలేదు, తర్వాత మరిచిపోయారు. కిషన్ గారు ఉజ్వల పేరున్న ఫోల్డర్ మొత్తం తీసేసినప్పుడు వీటి మొదటి పేర్లు పోయాయి. రెండో పేర్లు ఉన్నాయి కాబట్టి వీడియోలు ఉన్నచోటే ఉన్నాయి.

“మిగిలిన ఫోటోలు పోయినయి బిడ్డా” అన్నారు ఆమె. “అది నా తప్పు, నీకేం చెప్పాల్నో నాకు తెలుస్తలేదు.”

ఆ ఫోటోల్లో ఎక్కువ భాగం బంధువుల ఫోన్లలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. వాటి గురించి బాధపడటానికి నాకు ఆ రోజు తీరిక లేదు. వీడియోలను ఆమె ఈసారి అసలువాటిగా కాపీ చేశారు. పేర్లు చూసి సరిపెట్టుకోకుండా డిస్క్ ఎంత నిండిందో చూశారు. తర్వాత డిస్క్ ఊడదీసి, నా సంచిలోని ల్యాప్‌టాప్‌కే తగిలించి, ప్రతి వీడియో చివరిదాకా ఆడించమన్నారు. అన్నీ ఆడాయి.

గురువారం డాక్టరమ్మ పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను, శ్రావణ్ పాపకు బూట్లు విప్పి తొడుగుతూ, విప్పి తొడుగుతూ కూర్చున్నాడు. పాతవన్నీ పాప మేల్కొని ఉన్నప్పుడు, ఒకదాని వెనక ఒకటి గుంపుగా వచ్చాయని, కొత్తవి నిద్రలోకి జారుతున్నప్పుడు ఒక్కొక్కటిగా మాత్రమే వస్తున్నాయని ఆమె వేలు పెట్టి చూపించారు. రెండూ ఒకటి కావని తన అభిప్రాయమని, నిద్రలో మెదడు పరీక్ష ఒకటి చేయించి రూఢి చేసుకుందామని, అప్పటిదాకా మందు జోలికి పోవద్దని చెప్పారు. పరీక్ష అయింది. ఫిట్స్ జాడ లేదు. ఉజ్వల ఇప్పటికీ నిద్రలో అప్పుడప్పుడూ ఉలిక్కిపడుతుంది. అయినా మేం మందు వాడటం లేదు.

పరీక్ష ఫలితం వచ్చాక, ఆ ఆదివారం ఈ మాట చెప్పడానికి స్టూడియోకు వెళ్ళాను. దారిలో ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాల్లో ఉజ్వల ఏనుగు బొమ్మలది ఏరుకుంది, బేరమాడేలోపే ఒక పేజీ నమిలింది. వసుమతి గారు విన్నారు, కిషన్ గారిని పిలిచి మళ్ళీ ఒకసారి నా చేత చెప్పించుకున్నారు. పాపను బల్ల మీద కూర్చోబెట్టి ఫోటో తీశారు. వీడియోలు దొరికినందుకు ఆమె పద్ధతిని నేను పొగడబోతే అడ్డుకున్నారు.

“గాడ దొరకుడు మన నసీబు. పేర్లు రెండైతే వీడియోలు రెండు కావు. గా డిస్కే ఆగిపోయుంటే ఎన్ని పేర్లుండి ఏం లాభం? నిజంగ ఇంకొకటి కాపీ జెయ్యి. దాన్ని నీ ఇంట్ల పెట్టకు, ఇంకొకరి ఇంట్ల పెట్టు. పెట్టినప్పుడు వాళ్ళ మిషన్లనే తెరిచి, ఒక్కటన్న సివరిదాక చూడు. చూసినంక మూసెయ్యి. మల్ల మల్ల తెరిచి ఫికర్ చేస్తూ కూసోకు.”

మలక్‌పేటలో మా అన్న విజయేందర్ ఇంట్లో ఇప్పుడు రెండో డిస్క్ ఉంది. కొత్తవి చేరినప్పుడల్లా తీసుకెళ్ళి వాళ్ళ కంప్యూటర్‌లో తెరిచి, ఒకటి చివరిదాకా చూస్తాను. చూశాక మూసేసి, వదిన పెట్టిన చాయ్ తాగి, పాపను తీసుకుని ఇంటికి వచ్చేస్తాను.